రోడ్డు తీసేసి వాగు తెచ్చుకున్నారు

హైదరాబాద్ మూసీ నదిని బాగుచేసే మాట వచ్చినప్పుడల్లా మన నాయకుల నోట సియోల్ పేరు వినిపిస్తోంది. రోజుకు లక్షన్నరకు పైగా బండ్లు తిరిగే దారిని కూల్చి, ఆ చోట వాగును పారించి, దాని ఒడ్డున జనాన్ని నడిపించిన నగరమది. ఆ పని ఎలా జరిగింది, ఎవరికి కలిసొచ్చింది, ఎవరి బతుకు చెదిరింది? చార్మినార్ చుట్టూ, మూసీ పొడవునా ఇప్పుడు మనం వేసుకోవాల్సిన ప్రశ్నలివి.

ఆగస్టు సాయంత్రం. సియోల్ నడిబొడ్డున చొంగ్‌గ్యే ప్లాజా. నత్తగుల్లలా మెలికలు తిరుగుతూ పైకి లేచిన ఎరుపు, నీలం రంగుల శిల్పం పక్క నుంచి దారి కిందికి దిగుతుంది. దిగుతున్న కొద్దీ హారన్లు వెనకబడి నీళ్ల చప్పుడు దగ్గరవుతుంది. అటూ ఇటూ రాతిగట్లు, మధ్యలో మోకాలి లోతు వాగు. ఆఫీసుల నుంచి వచ్చినవాళ్లు బూట్లు విప్పి పక్కన పెట్టి, ప్యాంట్లు పైకి మడిచి, నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. పిల్లలు దాటురాళ్ల మీద గెంతుతూ అవతలి గట్టుకు పోయి మళ్లీ ఇవతలికి వస్తున్నారు. వంతెన కింద నీడలో ముసలమ్మలు విసనకర్రలతో విసురుకుంటూ కబుర్లలో పడ్డారు. వాళ్ల కాళ్ల దగ్గర్లోనే చేపలు తిరుగుతున్నాయి.

గట్టు వెంట దిగువకు అలా నడుస్తూ పోతే, చాలాసేపటికి వాగు మధ్యలో మూడు కాంక్రీటు స్తంభాలు ఎదురవుతాయి. పైన వంతెన లేదు, రోడ్డు లేదు. తల తెగినట్టు మొండిగా నిలబడి ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు అవేమిటని ఆగి చూస్తారు. ఒకప్పుడు ఈ వాగు నెత్తిన ఉన్న ఫ్లైఓవర్ తాలూకు ఆనవాళ్లు అవి. మొత్తం కూల్చేసి, ఆ మూడింటిని మాత్రం కావాలనే ఉంచారు.

2024 అక్టోబరులో తెలంగాణ మంత్రులు, ప్రజాప్రతినిధులు, అధికారులు, పాత్రికేయులు కలిసి ఒక బృందంగా సియోల్ వెళ్లి చూసొచ్చిన చొంగ్‌గ్యేచొన్ వాగు ఇదే. అప్పట్నుంచి ఈ పేరు పలకడం కష్టమైనా మన దగ్గర అందరి నోటా నానుతోంది. చూసొచ్చినవాళ్లు నీళ్లను మెచ్చుకున్నారు, పచ్చదనాన్ని మెచ్చుకున్నారు. అవి మెచ్చుకోదగ్గవే. అయితే ఈ వాగు కథలో మనకు ఎక్కువ పనికొచ్చే భాగం ఫొటోల్లో పడదు. రోడ్డు మూసే ముందు, మూసిన తర్వాత ఆ ఊరు ఏం చేసింది, ఏం చేయకుండా వదిలేసింది అన్నదే ఆ భాగం.

వాగు మీద గుడిసెలు, గుడిసెల మీద ఫ్లైఓవర్

ఆరువందల ఏళ్ల కిందట జోసాన్ రాజులు ఈ కొండల నడుమ రాజధాని కట్టుకున్నప్పుడు ఊరి వాన నీరంతా ఈ వాగులోకే దిగేది. ఆడవాళ్లు ఇక్కడే బట్టలు ఉతికారు. పండగ రోజుల్లో జనం దీని వంతెనల మీదే తిరిగారు. ఊరు పెరిగేకొద్దీ మురుగూ పెరిగింది. 1760లో యోంగ్జో రాజు లక్షల మందిని పనిలో పెట్టి 57 రోజులపాటు పూడిక తీయించాడు.

ఇరవయ్యో శతాబ్దం ఈ వాగును చంపేసింది. 1950-53 కొరియా యుద్ధంలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని సియోల్ చేరినవాళ్లకు ఖాళీగా కనిపించిన చోటు దీని గట్టే. నీళ్లలోకి కర్రలు దించి, వాటి మీద రేకులు, చెక్కలు కొట్టి గుడిసెలు వేసుకున్నారు. కింద పారేది మురుగు. పేదరికమూ దుర్వాసనా కలిసి కనిపించే ఆ దృశ్యాన్ని సర్కారు కళ్ల ముందు నుంచి తప్పించాలనుకుంది. 1958లో వాగు మీద కాంక్రీటు పరచడం మొదలైంది. గుడిసెలవాళ్లను ఊరి బయటికి తరలించారు. 1967లో ఆ కప్పు మీదే పొడవాటి ఫ్లైఓవర్‌కు పునాదులు పడ్డాయి. 1971కి పూర్తయింది. ఐదున్నర కిలోమీటర్లకు పైగా పొడవు, నాలుగు వరసల దారి. పేద దేశం పైకి లేస్తోందనడానికి అప్పట్లో దాన్నే గుర్తుగా చూపించేవారు.

ఫ్లైఓవర్ కింద చీకట్లో మరో లోకం పుట్టింది. పనిముట్లు, మోటార్లు, బల్బులు, పాత పుస్తకాలు, తోలు, బటన్లు, కుట్టు దారాలు... మన రాణిగంజ్, కోఠి ఒకేచోట చేరినట్టుండేది. ఇక్కడి కొట్లన్నీ తిరిగి విడిభాగాలు పోగేస్తే జలాంతర్గామి కూడా తయారవుతుందని సియోల్ జనం సరదాగా చెప్పుకునేవారు. దగ్గర్లోని ప్యొంగ్‌హ్వా మార్కెట్ అటకల మీద పదిహేనేళ్లు కూడా నిండని ఆడపిల్లలు రోజుకు పద్నాలుగు గంటలు, అంతకన్నా ఎక్కువ కూడా కుట్టు మిషన్ల ముందు వంగిపోయి ఉండేవారు. వాళ్ల కోసం కార్మిక చట్టాన్ని అమలు చేయమని అడిగి అడిగి విసిగిపోయిన జొన్ తేఇల్ అనే 22 ఏళ్ల దర్జీ, 1970 నవంబరు 13న ఆ మార్కెట్ ముందే ఒంటికి నిప్పంటించుకుని ప్రాణం వదిలాడు. కొరియా కార్మిక ఉద్యమానికి అది మలుపు. ఇప్పుడు వాగు మీది ఒక వంతెన దగ్గర అతని విగ్రహం ఉంది. ఇంత చరిత్ర ఉన్న చోటు గనక, దీన్ని ఒట్టి 'ట్రాఫిక్ సమస్య'గా చూసిన ఇంజినీర్లకు మొదట్లోనే చిక్కులు ఎదురయ్యాయి.

> సవతి తల్లి సమాధి రాళ్లు
>
> చొంగ్‌గ్యేచొన్ మీద అన్నిటికన్నా పేరున్న వంతెన గ్వాంగ్‌తొంగ్గ్యో. 1410లో తేజొంగ్ రాజు దాన్ని రాతితో కట్టించాడు. ఆ రాళ్లు అతని సవతి తల్లి, సిందొక్ రాణి సమాధివి. తనను కాదని ఆమె కొడుకును యువరాజును చేశారన్న కోపంతో ఆ తమ్ముణ్ని అంతకు ముందే చంపించాడు. తండ్రి పోయాక ఆమె సమాధిని ఊరి బయటికి మార్పించి, చెక్కడాలున్న రాళ్లను జనం కాళ్ల కింద పడేలా వంతెనకు వాడించాడు. వాగును కప్పేసినప్పుడు ఆ వంతెన కూడా రోడ్డు కింద పూడుకుపోయింది. 2005లో దాన్ని వెలికితీసి, కొంచెం ఎగువకు జరిపి మళ్లీ నిలబెట్టారు. తలకిందులుగా పేర్చిన ఆ చెక్కడాలను ఇప్పుడు కింద గట్టు మీద నిలబడి చూడొచ్చు.

రోడ్డుకే జబ్బు చేసింది

రోడ్డును కూల్చాలన్న ఆలోచన పచ్చదనం మీది మోజుతో పుట్టలేదు. రోడ్డే పాడైపోయింది. కింద కప్పేసిన మురుగులోంచి లేచే వాయువులకు కాంక్రీటు పెళుసుబారింది, లోపలి ఇనుము తుప్పు పట్టింది. 1990లలో పరీక్షలు చేసి, బరువైన వాహనాలను పైకి రానివ్వడం మానేశారు. పూర్తిగా బాగుచేయాలంటే చాలా ఖర్చు. అంత పెట్టినా కొన్నేళ్లకు మళ్లీ మొదటికే వస్తుంది. ఇక్కడే కొందరు ప్రొఫెసర్లు, రచయితలు, పర్యావరణవాదులు కలిసి ఒక మాటన్నారు: ఎలాగూ ఖర్చు తప్పనప్పుడు రోడ్డును కాకుండా వాగునే బాగుచేస్తే?

2002 మేయర్ ఎన్నికల్లో లీ మ్యుంగ్ బాక్ ఈ ఆలోచనను అందుకున్నాడు. ఒకప్పుడు హ్యుందాయ్ నిర్మాణ సంస్థను నడిపినవాడు. మొండివాడని పేరు. గెలిచాడు. పదవి చేపట్టిన సరిగ్గా ఏడాదికి, 2003 జులై 1న కూల్చివేత మొదలైంది.

అప్పటికి పైనా కిందా కలిపి ఆ దారిన రోజుకు సుమారు 1,68,000 వాహనాలు వెళ్లేవి. రేపు ఇవన్నీ ఎటు పోతాయి? పేపర్లలో, టీవీల్లో, టీకొట్ల దగ్గర ఇదే చర్చ. నగరం మధ్యభాగం స్తంభించిపోతుందని చాలామంది నమ్మారు.

భయపడినంత గందరగోళం జరగలేదు. కొందరు వేరే దార్లు పట్టారు, కొందరు బయల్దేరే వేళ మార్చుకున్నారు, కొందరు కారు ఇంట్లో పెట్టి మెట్రో ఎక్కారు. అంత అవసరం లేని ప్రయాణాలు కొన్ని అసలు జరగనే లేదు. పనులు జరిగిన కాలంలో నగర కేంద్రంలోకి వచ్చే వాహనాలు 2.3 శాతం తగ్గాయనీ, బస్సు ప్రయాణికులు 1.4 శాతం, మెట్రో ప్రయాణికులు 4.3 శాతం పెరిగారనీ లెక్క తేలింది. శాతాల్లో చిన్నగా కనిపిస్తుంది గానీ మెట్రో ఒక్కదాంట్లోనే రోజుకు నాలుగు లక్షల మందికి పైగా కొత్తవాళ్లు ఎక్కినట్టు.

అసలు కథ బస్సులోనే ఉంది

సియోల్ వెళ్లొచ్చిన ఏ బృందమూ బస్టాపు ఫొటో తెచ్చి చూపించదు. నన్నడిగితే ముందు చూపించాల్సింది అదే.

2004 జులై 1న, అంటే రోడ్డు మూసిన సరిగ్గా ఏడాదికి, సియోల్ తన బస్సుల పద్ధతిని ఒక్క రోజులో తిరగరాసింది. అప్పటిదాకా ప్రైవేటు కంపెనీలు లాభమున్న రూట్లలో ఒకదాని మీద ఒకటి ఎగబడేవి, గిట్టని రూట్లను వదిలేసేవి. ఆ రోజు నుంచి రూట్లు, వేళలు నగరపాలక సంస్థ చేతిలోకి వచ్చాయి. కంపెనీలకు టికెట్ల లెక్కన కాకుండా నడిపిన దూరాన్ని బట్టి డబ్బులిచ్చారు. దూరం వెళ్లేవాటికి నీలం, గల్లీల్లో తిరిగేవాటికి ఆకుపచ్చ, శివార్లకు ఎరుపు, నగరం మధ్యలో చుట్టుతిరిగేవాటికి పసుపు రంగు వేశారు. పెద్ద రోడ్ల నడిమధ్యన బస్సులకే ప్రత్యేక దారి గీశారు. ఒకే కార్డుతో బస్సు దిగి మెట్రో ఎక్కినా, మెట్రో దిగి బస్సు ఎక్కినా మళ్లీ మొదటి నుంచి చార్జీ పడకుండా చేశారు.

మొదటి రోజులు నరకంగా గడిచాయి. కార్డు మిషన్లు మొరాయించాయి, బస్సుల వెనక బస్సులు బారులు తీరాయి, రూట్లు మారడంతో పెద్దవాళ్లు దారి తప్పారు. మేయర్ జనానికి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. కానీ వెనక్కి తగ్గలేదు. కొన్ని నెలలకు కుదుటపడింది. రోడ్డు మీద చోటు తగ్గినా జనం కదలగలిగారంటే ఒక ముఖ్య కారణం ఇదే. కారున్నవాడి దారి తీసేసుకున్న సర్కారు, బదులుగా నమ్మదగ్గ బస్సును చేతిలో పెట్టింది. కారు లేనివాడికైతే అంతకు ముందెన్నడూ లేని మేలు జరిగింది.

నాలుగు వేల సమావేశాలు

వాగుకు రెండు వైపులా దాదాపు అరవై వేల కొట్లు. యజమానులు, పనివాళ్లు అంతా కలిపి రెండు లక్షల మందికి పైమాటే. రోడ్డు మూస్తే బేరాలు పోతాయని వాళ్లు వీధికెక్కారు. పాడైపోయిన రోడ్డు గురించి ఎన్ని చెప్పినా వాళ్ల ప్రశ్నలు చాలా మామూలువి: మా లారీ ఎక్కడ ఆగాలి? సరుకు ఎక్కడ దించాలి? దుమ్ము లేస్తుంటే బట్టల కొట్టుకు ఎవరొస్తారు? రెండేళ్లు గిరాకీ లేకపోతే అద్దె ఎవరు కడతారు?

నగరపాలక సంస్థ వాళ్లతో నాలుగు వేలకు పైగా సమావేశాలు జరిపిందని లెక్కలు చెబుతున్నాయి. పెద్ద హాళ్లలో పెట్టినవి కొన్నే. ఎక్కువ భాగం కొట్టు కొట్టుకూ అధికారులు వెళ్లి మాట్లాడినవి. నష్టపరిహారం నగదుగా ఇవ్వలేదు. బదులుగా వాగుకు రెండు పక్కలా రెండేసి వరసల దారి ఉంచారు, సరుకు దించుకోవడానికి చోటిచ్చారు, పార్కింగ్ సదుపాయం చూపించారు. పనులు వీలైనంత దుమ్ము, మోత లేకుండా చేస్తామన్నారు. ఊరి ఆగ్నేయాన కొత్త మార్కెట్ కట్టి అక్కడ కొట్లు ఇస్తామన్నారు.

ఆ చివరి మాట సరిగా నిలబడలేదు. గార్డెన్ ఫైవ్ అనే ఆ భారీ భవనం పూర్తయి తెరుచుకునేసరికి 2010 వచ్చింది. ధర ఎక్కువ, పాత గిరాకీకి చాలా దూరం. చొంగ్‌గ్యేచొన్ వ్యాపారుల్లో వెళ్లినవాళ్లు కొద్దిమందే, వెళ్లి నిలదొక్కుకున్నవాళ్లు ఇంకా తక్కువ. బోల్టుల కొట్టు, మోటార్ల కొట్టు, వెల్డింగు షెడ్డు ఒకదాని పక్కన ఒకటి ఉంటేనే బతుకుతాయి. ఒక్కదాన్ని పెరికి అద్దాల భవనంలో నాటితే మిగతావి తోడు రావు.

బండి మీద బతికేవాళ్లు

కొట్టున్నవాడికి కనీసం సమావేశంలో కుర్చీ దక్కింది. ఫ్లైఓవర్ కింద పేవ్‌మెంట్ మీద పాత బట్టలు, గడియారాలు, క్యాసెట్లు, సైనికుల బూట్లు పరుచుకుని అమ్మేవాళ్లు వెయ్యిన్నర మంది వరకూ ఉండేవారు. 'లైసెన్సు లేదు' అన్న ఒక్క కారణంతో వాళ్లు చర్చల్లో చివరి వరసలోకి పోయారు. 2003 నవంబరు 30న పోలీసులు, మున్సిపల్ సిబ్బంది వచ్చి వాళ్లను ఖాళీ చేయించారు. తోపులాటలు జరిగాయి, బండ్లు విరిగాయి.

తర్వాత వాళ్లలో కొన్ని వందల మందికి దగ్గర్లోని దొంగ్‌దేమున్ స్టేడియంలో చోటిచ్చారు. ఆటలు ఆగిపోయిన పాత ఫుట్‌బాల్ మైదానం అది. అక్కడ గుడారాలు వేసుకుని సంతను మళ్లీ లేపుకున్నారు. పాత వస్తువులు వెతుక్కునే జనం వెదుక్కుంటూ వచ్చారు. వ్యాపారం నిలదొక్కుకుంటుండగా స్టేడియాన్నే పడగొట్టాలని నిర్ణయమైంది. 2008కల్లా వాళ్లు మళ్లీ మూటాముల్లె సర్దుకుని సిన్‌సొల్ దొంగ్‌లో కట్టిన కొత్త సంత భవనానికి మారాల్సి వచ్చింది. స్టేడియం ఉన్నచోట 2014లో ఆర్కిటెక్ట్ జహా హదీద్ గీసిన వెండిరంగు డిజైన్ ప్లాజా తెరుచుకుంది. ప్రపంచమంతా దాన్ని చూడ్డానికి వస్తోంది.

ఒకే మనిషిని ఐదేళ్లలో రెండుసార్లు లేపడమంటే ఏమిటో బండి పెట్టుకున్నవాళ్లకు తెలుస్తుంది. గిరాకీ అంటే ముఖపరిచయం. ఫలానా మూల మీద ఫలానా ముసలాయన దగ్గర రేడియో భాగాలు దొరుకుతాయని ఊరికి తెలియడానికి ఇరవయ్యేళ్లు పడుతుంది. చోటు మారిస్తే ఆ ఇరవయ్యేళ్లూ పోతాయి. సియోల్ వాగును నేను మనసారా మెచ్చుకుంటాను. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆ నగరం తప్పు చేసిందని గట్టిగా అంటాను. అంత డబ్బు, అంత ప్రణాళిక, అంత చొరవ ఉన్న ఊరు తలచుకుంటే ఆ వెయ్యిన్నర మందికి వాగు గట్టునే చోటు దొరికేది.

> నీళ్లు పారాక...
>
> • 2005 అక్టోబరు 1న వాగును జనానికి అప్పగించారు. పొడవు 5.8 కిలోమీటర్లు, వంతెనలు 22. ఖర్చు సుమారు 38,600 కోట్ల వాన్‌లు.
>
> • కూల్చిన ఇనుమంతా, కాంక్రీటు, తారులో 95 శాతం మళ్లీ వాడుకున్నారు.
>
> • నాలుగు నుంచి ఏడు వీధుల అవతలి రోడ్డుతో పోలిస్తే వేసవిలో వాగు గట్టున 3.3 నుంచి 5.9 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి తక్కువ.
>
> • గాలిలో సన్నని ధూళి ఘనపు మీటరుకు 74 మైక్రోగ్రాముల నుంచి 48కి తగ్గింది.
>
> • 2003-2008 మధ్య చేప రకాలు 4 నుంచి 25కి, పక్షి రకాలు 6 నుంచి 36కి, మొక్కల రకాలు 62 నుంచి 308కి పెరిగాయి.
>
> • రోజుకు సగటున 64 వేల మంది వచ్చిపోతున్నట్టు లెక్కగట్టారు.

మోటారు ఆపితే వాగు ఆగిపోతుంది

అంకెలు బాగున్నాయి. వాటి వెనక దాగిన సంగతులూ చెప్పుకోవాలి. ఈ వాగులో నీరు తనంతట తాను పారదు. హాన్ నది నుంచీ, మెట్రో సొరంగాల్లో ఊరే భూగర్భ జలం నుంచీ రోజుకు 12 కోట్ల లీటర్లు పంపులతో తోడి ఎగువన వదులుతున్నారు. కరెంటు బిల్లు ఏటా నగరం కడుతోంది. అది వాగు కాదు, పొడవాటి ఫౌంటెన్ అని పర్యావరణవాదులు కోప్పడ్డారు. తవ్వకాల్లో బయటపడ్డ పాత వంతెనల రాళ్లు, గట్లను జాగ్రత్తగా కాపాడకుండా గడువు కోసం పరుగెత్తారని చరిత్రకారులు బాధపడ్డారు. పౌరుల కమిటీ సభ్యులు చాలామంది 2004లో రాజీనామా చేసి బయటికొచ్చారు. మొదట్లో ఈ ప్రాజెక్టుకు కొండంత అండగా నిలిచిన ప్రసిద్ధ నవలా రచయిత్రి పాక్ క్యొంగ్‌నీ సైతం, పని జరుగుతున్న తీరు చూసి బహిరంగంగానే నిరసన తెలిపింది.

ఇంకో లోపం నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. నడిచేవాళ్ల కోసం కట్టిన ఈ చోటులోకి చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు దిగడానికి తగిన దారి లేదు. పైన కొన్నిచోట్ల కాలిబాట మీటరున్నర వెడల్పే, దాంట్లో మళ్లీ చెట్లు. ప్రారంభం నాడే వికలాంగుల సంఘాలు ఆందోళనకు దిగాయి. తర్వాత కొంత సరిచేశారు. నడవలేనివాళ్లను మరిచిపోయి నడకదారి గీయడం గీత గీసే దశలోనే పట్టుకోవాల్సిన తప్పు.

గట్టు పక్కన భూముల ధరలు ఎగబాకాయి. ధర పెరిగితే అద్దె పెరుగుతుంది, అద్దె పెరిగితే లేతు మిషన్ పోయి కాఫీ షాపు వస్తుంది. వాగు పక్కన కాఫీ తాగడం హాయిగానే ఉంటుంది. ఆ కొట్లో నలభై ఏళ్లు ఇనుము కోసిన మనిషి ఎటు వెళ్లాడో కప్పులో కనిపించదు.

> ఇంకొన్ని వీధులు
>
> కోపెన్‌హేగన్: 1962లో స్ట్రాయెట్ వీధిలోకి కార్లు రావద్దన్నారు. చలిదేశంలో వీధిలో ఎవరు నడుస్తారు, మా బేరాలు పోతాయి అని వ్యాపారులు భయపడ్డారు. నేటికీ అది ఆ ఊళ్లో అన్నిటికన్నా రద్దీ బజారు.
>
> పారిస్: 2016లో సెయిన్ నది కుడిగట్టున ఉన్న వేగమార్గాన్ని మూసి నడిచేవాళ్లకు ఇచ్చారు.
>
> ఢిల్లీ: ఎర్రకోట నుంచి ఫతేపురి మసీదు దాకా 1.3 కిలోమీటర్ల చాందినీ చౌక్‌లో పగటిపూట మోటారు వాహనాలు వద్దని 2021లో తీర్మానించారు. అమలు సడలుతోందని అక్కడి వ్యాపారులే మొత్తుకుంటున్నారు.
>
> చెన్నై: 2019లో పాండీ బజారులో విశాలమైన కాలిబాటలు వేశారు. తెలుగువారికి ఈ రోడ్డుతో పాత బంధముంది. దీని అసలు పేరు పిట్టి త్యాగరాయ చెట్టి పేరిట సర్ త్యాగరాయ రోడ్డు, ఒక కొసన ఉన్నది పానగల్ రాజా పేరిట వెలసిన పార్కు. కాలిబాట మీది చిరువ్యాపారులను 2013లోనే బహుళ అంతస్తుల భవనంలోకి మార్చారు.

చార్మినార్ దగ్గర మనం ఎక్కడున్నాం?

సియోల్‌ను ఆదర్శంగా తీసుకోవడానికి మూసీ పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. మనకు చార్మినార్ ఉంది. 1591 నుంచి నిలబడ్డ ఆ కట్టడం చుట్టూ మొన్నమొన్నటిదాకా బస్సులు, లారీలు, ఆటోలు గిరగిరా తిరిగేవి. పొగకు సున్నం నల్లబడింది. పాదచారుల ప్రాజెక్టు పేరుతో రెండు దశాబ్దాలకు పైగా మాటలు, టెండర్లు, తవ్వకాలు సాగి సాగి చివరికి గుల్జార్ హౌజ్ నుంచి చార్మినార్ దాకా రాతిపలకలు పడ్డాయి, బండ్లు ఆగాయి. 2021 అక్టోబరులో ఆదివారం సాయంత్రాలు జనం వచ్చి కూర్చునేలా 'ఏక్ శామ్ చార్మినార్ కే నామ్' మొదలుపెట్టినప్పుడు కుటుంబాలు కుటుంబాలుగా తరలివచ్చారు. పిల్లలు భయం లేకుండా పరుగెత్తే ఖాళీ స్థలం పాతబస్తీలో ఎంత అపురూపమో ఆ సాయంత్రాలు చూస్తే తెలిసేది.

అయితే సియోల్ చేసిన ముఖ్యమైన పని ఇక్కడ ఇంకా మొదలవలేదు. బండ్లను ఆపాం, బస్సును దగ్గరకు తేలేదు. చార్మినార్ చుట్టూ తిరిగిన వాహనాలన్నీ మిట్టీకా షేర్, కోట్లా ఆలీజా వైపు గల్లీల్లోకి మళ్లాయి. అక్కడ ఇళ్లున్నవాళ్లు ఆ మోత భరిస్తున్నారు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. గాజులకు, పెళ్లి బట్టలకు లాడ్‌బజార్ వచ్చే అమ్మలూ అక్కలూ ఎక్కువగా బస్సులోనే వస్తున్నారు. బస్సు ఎక్కడో దింపుతుంది. అక్కడి నుంచి మూటలతో, చంటిపిల్లలతో గుంతలు దాటుకుంటూ, ఆటోల మధ్యన సందు చూసుకుంటూ నడవాలి. మెట్రో మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ (ఎంజీబీఎస్) దగ్గర ఆగిపోతుంది. పాతబస్తీ మెట్రో గురించి దశాబ్దంగా వింటూనే ఉన్నాం.

ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్ నుంచి చార్మినార్ సుమారు రెండు కిలోమీటర్లు. నయాపుల్ మీదుగా మూసీ దాటి, మదీనా చౌరస్తా, పత్థర్‌గట్టీ, చార్ కమాన్ల గుండా వెళ్లే దారి. ఒకవైపు హైకోర్టు గోపురాలు, మరోవైపు సాలార్జంగ్ మ్యూజియం, నది అవతల ఉస్మానియా ఆసుపత్రి. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని మళ్లీ నిలబెట్టినప్పుడు పత్థర్‌గట్టీలో రాతి కమానుల కింద నీడ పట్టున నడవడానికి వసారాలు కట్టారు. ఎండకు మాడకుండా, వానకు తడవకుండా బజారు చేయొచ్చని వందేళ్ల కిందటే ఆలోచించిన ఊరు ఇది. ఇప్పుడా వసారాల్లో సరుకు నిండిపోయింది, మనుషులు రోడ్డు మీద బండ్ల మధ్య నడుస్తున్నారు. దేశవ్యాప్తంగా 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులే. నడవడానికి చోటు అడగడం షోకు అనుకునేవాళ్లు ఈ అంకె ఒకసారి చూడాలి.

> చట్టం ఏమంటోంది?
>
> వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ కోసం 2014లో పార్లమెంటు చట్టం చేసింది. దాని ప్రకారం సర్వే పూర్తిచేసి, వ్యాపారులకు ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. ప్రతి ఊళ్లో పట్టణ వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులు ఎన్నుకున్నవాళ్లు, వాళ్లలో మూడోవంతు మహిళలు ఉండాలి. ఎక్కడ అమ్మాలి, ఎక్కడ వద్దు అన్నది తేల్చడంలో ఆ కమిటీ మాట ఉండాలి. తప్పనిసరై చోటు మార్చాల్సి వస్తే ముందుగా నోటీసు ఇవ్వాలి. సియోల్ బండ్లవాళ్లకు 2003లో ఇలాంటి ఆసరా లేదు.

మూసీకి ముందు

2024 సెప్టెంబరులో మూసీ నదిగర్భంలోని ఇళ్లకు, కూల్చేందుకని, ఎర్రరంగుతో గుర్తులు వేసినప్పుడు చాదర్‌ఘాట్ పరిసరాల్లో జనం గుండెలు అదిరాయి. కొందరు డబుల్ బెడ్రూం ఇళ్లకు మారారు. కొందరు పోమని కూర్చున్నారు. ఇల్లు ఇచ్చాం కదా అన్నది సర్కారు మాట. పని ఎక్కడ, బడి ఎక్కడ, పొద్దున్నే ఇళ్లలో పాచిపనికి వెళ్లే అమ్మకు అంత పెందలాడే బస్సు ఎక్కడ అన్నది వాళ్ల మాట. రెండూ ఒకదానికొకటి తగలకుండా పోతున్నాయి. సియోల్‌లో అధికారులు కొట్టు కొట్టుకూ తిరిగినట్టు ఇక్కడా గడప గడపకూ తిరిగి, రాసుకుని, ఒప్పుకున్నది కాగితం మీద పెడితే సగం భయం పోతుంది. ఈ పని రంగు డబ్బాతో వెళ్లకముందు జరగాల్సింది. ఇప్పటికీ మించిపోలేదు.

మూసీ 55 కిలోమీటర్ల ప్రణాళిక పెద్దది. ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో గానీ, ఎంజీబీఎస్ నుంచి చార్మినార్ దాకా ఆ రెండు కిలోమీటర్లకు నదిని కదిలించక్కర్లేదు, ఒక్క ఇల్లూ కూల్చక్కర్లేదు. నాలుగు నిమిషాలకో చిన్న బ్యాటరీ బస్సు, చక్రాల కుర్చీ నడిచేంత చదునైన వెడల్పాటి కాలిబాట, చెట్లు పట్టే చోట చెట్లు, సరుకు దించుకోవడానికి తెల్లవారుజాము వేళ, పత్థర్‌గట్టీ వసారాల్లో నడిచేంత ఖాళీ కావాలి. గాజులమ్మే ఆమెకూ అత్తరు అమ్మే చాచాకూ ఇప్పుడున్న చోటుకు దగ్గర్లోనే, గీత గీసి, నంబరు వేసి, పేరు రాసిన స్థలం కావాలి. ఈ లెక్కలో మొట్టమొదట రావాల్సింది వెండింగ్ కమిటీ సర్వే. దానికి సియోల్ వెళ్లే ఖర్చు కూడా అక్కర్లేదు. చట్టం వచ్చి పదేళ్లు దాటింది, అధికారం జీహెచ్‌ఎంసీ చేతిలోనే ఉంది. రాతిపలకల కోసం మరో టెండరు పిలిచేలోగా ఆ పేర్ల జాబితా గుల్జార్ హౌజ్ దగ్గర అందరికీ కనిపించేలా గోడకు అంటించాలి.